మూడు తట్లు, నలభై పూలు

మూడో మూత కార్యవర్గానికి, డాక్టర్ హైమావతి గారికి, గొర్రెల దొడ్డికి, ఆ దొడ్డిలోని సమస్త జీవరాశికి, రక్తపరీక్షల గదిలో పూలు లెక్కపెట్టే ఉద్యోగి రౌతు దాలినాయుడు, బి.ఎస్సీ., సాష్టాంగపడి చేసుకుంటున్న క్షమాపణ:

నా దినచర్య పుస్తకాన్ని ఒక్క అక్షరం మార్చకుండా గురువారం సభకు తెమ్మన్నారు. తెచ్చాను. ఇది చదివి తమ మనసులు గాయపడితే అందుకు నేనే బాధ్యుణ్ణి. గోడమీది 'బూజు జాగ్రత్త' బొమ్మలకు మీసాలు మొలిచినందుకు క్షంతవ్యుణ్ణి. మూతపెద్ద తవిటినాయుడు గారి తుమ్ములకు పదికి మార్కులు వేసిన పట్టిక ఈ పుస్తకంలో దొరికినందుకు మహాపరాధిని. రక్తమిచ్చే గొర్రెను 'ప్రిన్సిపాల్' అని పిలవడం విద్యావ్యవస్థకే అవమానమని ఎవరో ఫిర్యాదు చేశారట. గొర్రె తరఫున కూడా నేనే సిగ్గుపడుతున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

*61వ ఏడు, 14వ వారం, సోమవారం*

చల్లపెట్టెను పక్కగదిలోకి మార్చారు. ఇన్నాళ్లూ అది నా బల్ల పక్కనే నిలబడి నా మోకాలికి చలిగాలి ఊదేది. ఇప్పుడు మా ఇద్దరి మధ్య ఒక గోడ, ఒక తలుపు, ఒక గడప. కాళ్లు చాపుకోవడానికి చోటు దొరికింది. ప్రగతి అంటే ఇదే.

ఉదయం ప్రిన్సిపాల్ దగ్గర రక్తం తీశాను. ఆవిడ ఎప్పటిలాగే, పరీక్షలో కాపీ కొడుతూ దొరికినవాణ్ణి చూసినట్టు చూసింది. తర్వాత పైడి దగ్గర తీశాను. చివరగా నా దగ్గర నేనే.

నేను పోయాక ఈ కుర్చీలో కూర్చునేవాడికి అర్థమయ్యేలా రాయమని డాక్టరమ్మ ఆజ్ఞ. కాబట్టి ఓ వారసుడా, విను. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. తెల్లకణాలకు అదే బడి. ఎవరు మనవాళ్లో, ఎవరు బూజో అక్కడే నేర్చుకుంటాయి. బయటి బూజు గాలి తగలకుండా ఊరి మీద కప్పిన ఈ మూత కింద పుట్టిన మూడో తరం పిల్లల్లో కొందరికి ఆ బడి ఉండాల్సిన చోట ఖాళీ స్థలం ఉంటోంది. పైడికి తొమ్మిదేళ్లు. ఆమె థైమస్ చింతగింజంత. తెల్లకణాలున్నాయి గానీ వాటికి చదువు లేదు. అందుకని గొర్రెపిల్లల థైమస్ నుంచి సన్నటి ప్రోటీన్ తునకలు తీసి, అంటే పెప్టైడ్లు, వారానికొక సూది వేస్తున్నాం. పంతులు లేని బడికి పక్కూరి పంతులు నోట్సు తెప్పించినట్టన్నమాట. జనం దాన్ని లేతమందు అంటారు.

చదువు అబ్బిందో లేదో తెలుసుకోవాలంటే పిల్ల తెల్లకణాలను గొర్రె ఎర్రకణాలతో కలిపి, రాత్రంతా చల్లపెట్టెలో ఉంచాలి. చదువుకున్న తెల్లకణం చుట్టూ ఎర్రకణాలు అంటుకుని, సూక్ష్మదర్శినిలో పువ్వులా కనిపిస్తుంది. మూడు అంటుకుంటే పువ్వు. రెండైతే మొగ్గ, లెక్కలోకి రాదు. రెండు వందల కణాలు చూసి, నూటికి ఎన్ని పూలో రాయాలి. ప్రతిసారీ ఒక ఆరోగ్యవంతుడి పూలు కూడా లెక్కపెట్టి పక్కన 'పోలిక గడి'లో రాయాలి. పరీక్షలో లోపం లేదనడానికి ఆ గడే సాక్ష్యం. ఆ ఆరోగ్యవంతుణ్ణి నేనే. జీవితంలో నాకు దక్కిన ఏకైక బిరుదు.

పైడి పుట్టిన ఏడో రోజు నుంచి గాజుగదిలో ఉంది. వరసగా రెండు వారాలు నలభై పూలు పూస్తే తలుపు తీస్తారు. పోయిన వారం ముప్పై ఏడు.

*మంగళవారం*

చల్లపెట్టెలోంచి గొట్టాల బుట్ట తీసుకుని, గడప మీద మూడు తట్లు తట్టి, బల్ల దగ్గరికి వచ్చాను. పైడి లెక్క ఇరవై అయిదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఇరవై అయిదే. పోలిక గడిలో అరవై ఎనిమిది రాశాను.

గాజుగది నా బల్లకు ఎదురుగానే ఉంటుంది. మాటలకు ఒక జల్లెడ గొట్టం, సూదులకు గాజులోకి దిగే ఒక జత రబ్బరు తొడుగులు. పైడి అప్పటికే గొట్టానికి నోరు పెట్టుకుని ఉంది.

"ఎన్ని, దాలన్నా?"

"ఇరవై అయిదు."

"మొన్న ముప్పై ఏడు కదా? పన్నెండు పూలు ఏటయ్యాయి?"

"ప్రిన్సిపాల్ మేసేసుంటాది."

"అబద్దాలాడకు. అది నీ కూడా ఒక్కనాడూ ఈ గదిలోకి రానేదు."

గాజు మీద లోపలివైపు తన అంకెల వరసలో ఇరవై అయిదు రాసుకుంది. తర్వాత పులిజూదం ఆడాం. గాజు మీదే గీసిన పటం. ఆమె లోపలి నుంచి మేకల చుక్కలు పెడుతుంది, నేను బయటి నుంచి పులుల చుక్కలు. చచ్చిన మేకను తనే తుడవాలి. తుడవదు.

"నేను బయటికొచ్చినాక ముందర ప్రిన్సిపాల్ చెవి పట్టుకుంటాను. చెవి ఎచ్చగుంటాదా, చల్లగుంటాదా?"

"ఒకటి ఎచ్చగా, ఒకటి చల్లగా."

"నిన్ను కాదు, దాన్నే అడుగుతాను."

*15వ వారం, మంగళవారం*

ఇరవై మూడు. ఉప్పునీళ్లు మార్చాను. కొత్త గొట్టాలు తీశాను. పైడివి మూడుసార్లు లెక్కపెట్టాను, మూడోసారి మొగ్గలను కూడా బతిమాలుతూ. ఇరవై మూడు. పోలిక గడిలో అరవై ఎనిమిది రాశాను.

ఈ పిల్లను ఈ ఏడు తలుపు దాటిస్తాను. ఇది నా ప్రతిజ్ఞ. సాక్షి: ప్రిన్సిపాల్. సాక్షి ఆ సమయంలో గడ్డి నములుతోంది.

*16వ వారం, మంగళవారం*

ఇరవై ఏడు! నాలుగు పెరిగాయి. పోలిక గడిలో అరవై ఏడు రాశాను. పైడితో ఆడి, ఓడి, సాయంత్రం మా పెదనాన్న కూతురి పెళ్లికి వెళ్లాను.

గడప దగ్గర పెళ్లికూతురి వీపు మీద మా అత్తలు మూడు తట్లు తట్టారు. పెళ్లికొడుకును కొంచెం గట్టిగానే తట్టారు. పళ్లేలు, పీటలు, పురోహితుడి సంచి, ఆఖరికి ఉయ్యాల్లోని పసివాడు, ఏదీ తట్టకుండా లోపలికి రాలేదు. బూజు దుమ్ము గాలిలో తిరిగే తొలి ఏళ్లలో, అది గడప బయటే రాలిపోవాలని మొదలైన ఆచారం. ఇప్పుడు గాలి అంతా వడగట్టిందే. అయినా తట్టకుండా గడప దాటిన మనిషిని నేను పుట్టాక చూడలేదు.

పైడి వాళ్లమ్మ సన్యాసమ్మ పిన్ని గొర్రెల దొడ్డిలో పని చేస్తుంది. లేతమందుకు కావలసిన గ్రంథులు ఏరి, మంచుగిన్నెలో తెచ్చేది ఆవిడే. గొర్రె ఎదిగేకొద్దీ థైమస్ కరిగిపోతుంది, అందుకే పిల్లలవే కావాలి. ఒక్క సీసా మందుకి పద్దెనిమిది పిల్లల గ్రంథులు. పెళ్లిలో ఆవిడ విస్తరి ముందు కూర్చుందే గానీ చెయ్యి పెట్టలేదు.

"మందు నానే తీసి నానే అట్టుకొస్తన్నాను గదా బాబూ. నా చేతిలోనే ఏటైనా దోసం ఉన్నాదేటి?"

"పిన్నీ, నీ చేతిలో ఉన్నది గారె. తిను."

"నవ్వులాటలు కాదురా గుంటడా. గిన్నె సరిగ్గా కడగనేదేమో, మంచు సాలనేదేమో. పడుకుంటే అదే గుర్తొస్తాది."

ఈ వారం నాలుగు పూలు పెరిగాయని చెప్పాను. గారె సగం తింది.

*17వ వారం, మంగళవారం*

ఇరవై ఒకటి. పోలిక గడిలో అరవై ఎనిమిది రాశాను.

డాక్టరమ్మ పూల లెక్కల పుస్తకం అడిగి తీసుకుంది. ఆవిడ వేలు పోలిక గడుల వెంట కిందికి జారింది.

"అరవై ఎనిమిది, అరవై ఎనిమిది, అరవై ఏడు, అరవై ఎనిమిది. రాయిలా ఉన్నావయ్యా దాలినాయుడూ."

"మా అమ్మ పెట్టిన తిండి మేడమ్."

"అంటే పరీక్షలో లోపం లేదు. ఆ పిల్లకే మందు పట్టడం మానేసింది." కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "వరసగా ఆరు వారాలు ముప్పై దాటకపోతే ఏమవుతుందో నీకు తెలుసుగా?"

తెలుసు. ఆ గురువారం సభలో తీర్మానించి, మందు ఆపేసి, వరసలో తర్వాతి పాపకు ఇస్తారు. ఆ పాపకు నాలుగు నెలలు. సీసా వారానికి ఒక్కటే. ఒకసారి మొదలుపెట్టిన పిల్లకు మధ్యలో ఆపకూడదు కాబట్టి, అటు వెళ్లిన సీసా ఇక ఇటు రాదు. పైడి గాజుగదిలోనే పెరగాలి, గాజుగదిలోనే ముసలిది కావాలి. అదీ, గాలి వడగట్టే జల్లెడలో ఎప్పుడూ చిల్లి పడకపోతే.

ఇప్పటికి నాలుగు వారాలు. డాక్టరమ్మ నన్ను మెచ్చుకుంది కదా, ఏదో ఒకటి అనాలి. ఆవిడ కళ్లద్దాలు తుడిచి చేతికిచ్చాను.

*18వ వారం, మంగళవారం*

ప్రిన్సిపాల్ రక్తం పాతబడిందేమోనని తెల్లవారగానే కొత్తది తీశాను. ఆవిడ నన్ను కాలితో తన్ని బహిష్కరించింది. చల్లపెట్టెలో చలిని మూడుచోట్ల కొలిచాను. సూక్ష్మదర్శిని విప్పి, తుడిచి, బిగించాను. ఒక మర మిగిలింది. అది లేకుండానే బాగా కనిపిస్తోంది.

పైడివి నాలుగుసార్లు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. పోలిక గడిలో అరవై ఎనిమిది రాశాను. అయిదు వారాలు.

"దాలన్నా, నువ్వు ఓడిపోడానికి ఆడతన్నావు" అంది పైడి. "పులి నోటి ముందల మేకనెట్టినా తినవేటి?"

*19వ వారం, మంగళవారం*

ఇరవై రెండు. ఆరో వారం. పెన్ను కింద పెట్టాను. పోలిక గడి నింపలేదు.

గొట్టంలోంచి పిలుపు.

"దాలన్నా, ఒకటడుగుతాను. నవ్వకూడదు."

"నవ్వుతాను. అడుగు."

"ఆ తలుపు కాడ నా పూలని ఎందుకు కొడతావు?"

"కొట్టడమేంటి?"

"టక్, టక్, టక్ మని. ఇక్కణ్ణుంచి కనిపిస్తాది. ఆ చల్లపెట్టె అవతల గదిలోకి ఎల్లిపోయిన కాణ్ణించీ ప్రతీ మంగళారం కొడతన్నావు."

"అది గడప కదే."

"గడపైతే?"

ఈ మూత కింద నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగే అవకాశం ఉన్న మనిషి ఒక్కర్తే. తొమ్మిదేళ్లలో ఒక్క గడప కూడా దాటని మనిషి.

ఈ ఉద్యోగంలో నాకు నేర్పిన మొదటి పాఠం, గొట్టం కుదపకూడదని. పూలు చాలా సున్నితం, కుదిపితే ఎర్రకణాలు రాలిపోతాయి, పువ్వు మొగ్గవుతుంది, మొగ్గ లెక్కలోకి రాదు. చల్లపెట్టె నా పక్కనున్నంత కాలం మధ్యలో గడప లేదు. గడప వచ్చిన రోజు నుంచి నా చెయ్యి తట్టింది. నేను తట్టానని నాకే తెలియదు. ఊపిరి పీల్చానని ఎవరైనా దినచర్యలో రాసుకుంటారా? నేను రాసుకున్నాను కూడా. పద్నాలుగో వారం పుట తీసి చూశాను. నా చేతిరాతే. 'మూడు తట్లు తట్టి.'

నిజమో కాదో తేల్చే దారి ఒక్కటే ఉంది. అదే బుట్టలో, అవే మూడు తట్లు తిన్న ఇంకో గొట్టం. నాది. తీసి, చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టాను. నలభై నిమిషాలు పట్టింది.

ముప్పై ఎనిమిది.

నలభై కూడా లేవు. ఈ లెక్కన నేనూ గాజుగదిలో ఉండాల్సినవాణ్ణే.

"ఏటి, దాలన్నా? ఏటలా అయిపోయావు?"

"చెయ్యి చాపు పైడీ. మళ్లీ రక్తం కావాలి."

*బుధవారం*

పొద్దున చల్లపెట్టెలోంచి బుట్ట తీసి గడప దగ్గరికి వచ్చాను. నా కుడిచెయ్యి దానంతటది లేచింది. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని ఆపాను. గాజు అవతల పైడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. దొంగలా, తట్టకుండా, గడప దాటాను. మూత కూలిపోలేదు.

నావి అరవై ఏడు. పైడివి నలభై మూడు.

నలభై మూడు! రెండోసారీ నలభై మూడే. కొన్ని పూలకైతే ఎర్రకణాలు ఎనిమిదేసి ఉన్నాయి. బంతిపూలు. మందు పడుతోంది. ఈ ఆరు వారాలూ పడుతూనే ఉంది. పిన్ని గిన్నెలో దోషం లేదు, పైడి ఒంట్లోనూ లేదు. గొర్రెపిల్లల నోట్సు చదువుకుని ఈ పిల్ల కణాలు పరీక్ష పాసవుతుంటే, నేను ప్రతి మంగళవారం గుమ్మం దగ్గర నిలబడి జవాబు పత్రాలు చించుతున్నాను.

లెక్కల పుస్తకం పట్టుకుని పరుగెత్తాను. మూతపెద్ద తవిటినాయుడు గారి గదిలో డాక్టరమ్మ కూడా ఉంది. ఆయాసపడుతూ అంతా చెప్పాను. మూతపెద్ద మధ్యలో ఒకసారి తుమ్మారు. నేను మార్కులు వెయ్యలేదు.

ఆయన పుస్తకం తెరిచి, తాపీగా పుటలు తిప్పి, నావైపు తిప్పారు.

"ఒరే నాయనా, నువ్వు సెప్పిందే అడుగుతున్నాను. ఈ ఆరు వారాలూ నువ్వు బుట్ట తట్టావు. అవునా?"

"అవునండి."

"అందులో ఆ పిల్ల గొట్టం ఉంది, నీదీ ఉంది."

"ఉందండి."

"తట్టిన వారాల్లో నీకు అరవై ఎనిమిది. తట్టకుండా తెచ్చిన ఈవేళ అరవై ఏడు. అంటే తడితే రాలేది ఆ పిల్ల పూలొకటేనా? నీవి ఇనుంతో చేశారేటి?"

"నిన్న నావి ముప్పై ఎనిమిదేనండి."

"నిన్నొక్కనాడు. సభకి రెండు రోజుల ముందల." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఆ పిల్లంటే నీకు ప్రాణమని అందరికీ తెలుసు. ఆ నాలుగు నెలల గుంటకీ తల్లి ఉన్నాది నాయనా. పట్టని కాడ మందు పొయ్యమంటావా?"

"ఇంకొక్కసారి పరీక్ష చేయించండి. ఎవరి చేతైనా సరే."

"సేయిద్దాం, వచ్చే వారం. సీసా మాత్రం రేపు ఒకరికి పడాల. దాస్తే పాడైపోద్ది. పుస్తకం ఏం సెప్తే అదే."

డాక్టరమ్మ వేలు మళ్లీ పోలిక గడుల మీద ఉంది. అరవై ఎనిమిదిల వెంట పైకి, చల్లపెట్టె మారిన పద్నాలుగో వారం దాటి ఇంకా పైకి పోయింది. తొమ్మిదో వారం దగ్గర ఆగింది. అంతకుముందు వారాల్లో అరవై ఆరు ఉంది, డెబ్బై ఉంది, అరవై మూడు కూడా ఉంది. ఆవిడ నా ముఖంలోకి చూసింది.

"రేపు సభకి నీ దినచర్య కూడా పట్టుకురా దాలినాయుడూ," అంది. "మార్చకుండా."

*గురువారం, ఉదయం*

సభ పది గంటలకి. ముందు గాజుగది దగ్గరికి వెళ్లాను. పైడి పటం మీద మేకలు సర్దుతోంది. నా పులికి ఎటూ దారి లేదు.

"పైడీ. నేను లెక్కపెట్టలేదు."

"ఏవి?"

"నా పూలు. ఎప్పుడూ అంతే ఉంటాయి కదా అని."

ఆమె గాజు మీది తన అంకెలను చూసింది. ఇరవై అయిదు, ఇరవై మూడు, ఇరవై ఏడు, ఇరవై ఒకటి, ఇరవై నాలుగు, ఇరవై రెండు.

"అందుకేనా, అంత బేగి ఆటకొచ్చీసీవోడివి?"

"అవును."

"నువ్వు నాతో ఆడాలనే వస్తన్నావు అనుకున్నాను."

"అదీ నిజమే."

"మా అమ్మ రోజూ గిన్నె నాలుగుసార్లు కడుగుతన్నాది."

నా పులిని నేనే గాజు మీంచి తుడిచేశాను.

"ఎల్లి సెప్పీ" అంది. "నవ్వకుండా సెప్పు."

వాళ్ల ముందు నవ్వు వస్తుందేమోనని ఇక్కడే రాస్తున్నాను. ఈ పుట పైకి చదవమని మూతపెద్ద గారిని వేడుకుంటున్నాను. సన్యాసమ్మ పిన్ని సభలో ఉన్నప్పుడే చదవాలి.

మొదటి పుటలో అడిగిన క్షమాపణలు వెనక్కి తీసుకుంటున్నాను. మీసాలు నేను ఈ ఉద్యోగంలో చేరేనాటికే ఉన్నాయి. తుమ్ముల పట్టిక డాక్టరమ్మ చేతిరాత. గొర్రెకు పేరు పెట్టింది పైడి. నేను నిజంగా చేసింది ఒక్కటే. తొమ్మిదో వారం నుంచి పద్దెనిమిదో వారం దాకా, పది మంగళవారాలు, నా గొట్టం తెరవకుండా, నా పూలు లెక్కపెట్టకుండా, పోలిక గడిలో అరవై ఎనిమిది అని రాశాను. పదహారో వారం మాత్రం అరవై ఏడు రాశాను, నిజంలా కనిపించాలని.